ఇస్త్రీ అత్త ఇంటి ర్యాంపు

"మన తాత వేయించిన మెట్లయితే వారసత్వం, నా మొగుడు కొట్టిన చెక్కలైతే చెత్తా? ఏం లెక్కరా నీది?"

"లెక్క నాది కాదక్కా, ఆఫీసర్లది. కట్టినప్పుడు ఎలా ఉందో అలా కనిపిస్తేనే పాత కట్టడంగా గుర్తిస్తారు. గుర్తిస్తేనే పైకప్పు బాగుచేయిస్తారు."

"అందుకా నన్ను మీ ఇంటికి రమ్మన్నావు? అక్క మీద ప్రేమ పొంగిందనుకున్నా!"

పీకమని నాన్న నాకు సైగ చేశాడు. అత్త ర్యాంపుకి అడ్డంగా కూర్చుంది. మేకులు పీకే కడ్డీ పట్టుకుని నేను వాకిట్లో నిలబడ్డాను.

వీధంతా ఆవిడని ఇస్త్రీ అత్త అంటారు. నాకు నిజంగానే మేనత్త. వందేళ్ళు దాటిన ఈ చెక్క ఇంట్లోనే పుట్టింది. మావయ్య ఇల్లరికం వచ్చాడు. వరండాలో బల్లేసుకుని ఊరందరి బట్టలకీ ఇస్త్రీ చేస్తుంది. మేకు లేకుండా ఒకదాంట్లో ఒకటి దిగిన దూలాలు, కిటికీల మీద చెక్కిన లతలు చూసి ఆఫీసర్లు మురిసిపోయారు. అత్తకి ఆ లతలంటే దుమ్ము దులిపే చాకిరీ.

అత్త కొడుక్కి నడక రాలేదు. ఎదిగాక ఎత్తుకోవడం కుదరక, బస్సుల షెడ్డులో మెకానిక్‌గా చేసే మావయ్య వరండా కటకటాలు సగం కోసి, మెట్ల మీదుగా చక్రాల కుర్చీ దిగేలా చెక్క ర్యాంపు దించాడు. "బంగారం లాంటి పనితనం పాడుచేశావు బావా" అని నాన్న గోలపెట్టాడట. "పనితనాన్ని ఎవరూ ఎత్తుకోనక్కర్లేదు బామ్మర్దీ, వీణ్ణి ఎత్తుకోవాలి" అన్నాడట మావయ్య.

ఆ కొడుకు ఇరవై నిండకుండా పోయాడు. తర్వాత మావయ్య. ఇప్పుడు ర్యాంపు మీద బట్టల బండి దిగుతుంది, గ్యాస్ బండ ఎక్కుతుంది.

నాన్న విసురుగా వెళ్ళిపోయాడు.

"నేను పీకను అత్తా" అన్నాను. సగం ఇంటిని చెరిపేసి మిగతా సగానికి విలువ కట్టడం చూస్తే నాకు ఒళ్ళు మండింది.

"చదువు మానేశావు, చెప్పిన పనీ మానేస్తావురా సన్నాసీ?"

లేచి నన్ను కొడుకు గదిలోకి తీసుకెళ్ళింది. మంచం మీద గిన్నె, నిండా వాన నీళ్ళు. పైన దూలం చివర నల్లగా కుళ్ళింది. ఇంకో వానాకాలం ఆగదు.

"ర్యాంపు ఉంచుకుంటే గది కూలుతుంది. రెండూ వాడివే. గది ఉండనీ."

గిన్నెలో నీళ్ళు కిటికీలోంచి పారబోస్తూ అంది.

"నన్ను మాత్రం ఎక్కడికీ పంపకండిరా. వాణ్ణి ఆఖరిసారి దించింది ఆ చెక్కల మీంచే. తట్టుకోలేనని నన్ను లోపల పెట్టి తలుపేశారు. ఈసారి వాకిట్లో కుర్చీ వేసుకుంటా. నేను చూస్తుండగా పీకు."