రెండో గుంట దగ్గర ఆగిన ఫోకస్

దయ్యాలూ శకునాలూ అంటే నాకు మొదటినుంచీ చిరాకు. మా ఇంట్లో అందరికీ ప్రార్థన మీద నమ్మకం ఎక్కువ. నేనేమో అమ్మ పోరు పడలేక ఆదివారం చర్చికి వెళ్లే రకం. పైగా నా ఉద్యోగమే అనుమానించడం. నెల్లూరులో ఇంట్లో కూర్చుని మొబైల్ యాప్‌లకు టెస్టులు రాస్తాను. ఎక్కడ తప్పు జరిగినా దానికో కారణం ఉంటుందని, వెతికితే దొరుకుతుందని నమ్మి జీతం తీసుకుంటున్నదాన్ని. ఇది చదివి నవ్వుకునేవాళ్లను ఏమీ అనను. ఇంకొకరు చెప్తే నేనూ నవ్వేదాన్నే.

మా ప్రభాకర్ అన్నకి చూపు లేదు. షుగరు ముదిరి కొన్నేళ్ల క్రితం పోయింది. అయినా చిట్టమూరు వైపు రొయ్యల గుంటలు కౌలుకు తీసుకుని సాగు చేస్తూనే ఉన్నాడు. ఆ గుంటల్లో నీళ్లను చిలికి గాలి అందించే ఏరేటర్లు ఉంటాయి. గాలి చాలకపోతే రొయ్యలు పైకి తేలి, చూస్తుండగానే పంటంతా పోతుంది. ఏరేటర్లను ఫోన్‌లోంచే ఆన్, ఆఫ్ చేసే యాప్ ఒకటి మా కంపెనీ తయారు చేస్తోంది. అన్న గుంటల దగ్గరే దాన్ని ట్రయల్‌కి పెట్టాం.

చూపున్నవాళ్లు కావాల్సిన బటన్ మీద నేరుగా నొక్కేస్తారు. అన్న తెర మీద వేలు పక్కకి జరుపుతాడు, ఫోన్ ఒక్కో బటన్ పేరూ వరసగా చదువుతుంది. ఏది చదివితే ఫోకస్ దాని మీద ఉన్నట్టు. రెండుసార్లు తడితే అది నొక్కినట్టు. వరస తప్పిందంటే ఒకటి నొక్కబోయి ఇంకొకటి నొక్కుతాడు.

అందుకే ఆ వరసకి చిన్న చిన్న టెస్టులు రాశాను. వాటికి ఫోనూ అక్కర్లేదు, తెరా అక్కర్లేదు. బటన్ల పేర్లు కంప్యూటర్‌కి ఇచ్చి, దీని తర్వాత ఫోకస్ ఎక్కడికి పోతుందని అడగడమే. కాఫీ గుక్క మింగేలోపు అయిపోతాయి. బయట ఏ గుంటతోనూ, ఏ మోటారుతోనూ వాటికి సంబంధం లేదు.

ఆ రోజు పొద్దున మబ్బు పట్టి ఆకు కదలడం లేదు. ముందు రోజు సాయంత్రం టెస్టులన్నీ పాసయ్యాయి, తర్వాత నేను ఒక్క అక్షరం మార్చలేదు. అలవాటుగా మళ్లీ నడిపితే ఒకటి ఫెయిలైంది. 'రెండో గుంట' తర్వాత ఫోకస్ 'ఆన్' మీదికి పోవాలి. పోలేదు. మధ్యలో పేరు లేని దేనిమీదో ఆగిపోయింది. అక్కడ అలాంటిది నేనేదీ పెట్టలేదు. మిగతా గుంటలన్నీ బాగానే ఉన్నాయి. కంప్యూటర్ ఆపి మళ్లీ వేసినా అదే వరస. ఒళ్లు మండింది.

అప్పుడే అన్న దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. జ్వరంతో ఇంట్లో పడుకుని ఉన్నాడు. రెండో గుంటలో ఏరేటర్లు ఆగి, గాలి తగ్గిపోతోందని యాప్ హెచ్చరించిందట. ఆన్ చేద్దామంటే బటన్ దొరకడం లేదట.

"ఆన్ అని చెప్పడంలా పాపా. ఆడ ఏందో అడ్డం ఉండాది. పేరు చెప్పదు, పక్కకి పోదు."

నా టెస్టు ఆగిపోయిందీ సరిగ్గా అక్కడే. అన్న ఫోన్‌లో ఉన్నది ఎప్పుడో వేసిన పాత యాప్. నా కంప్యూటర్‌కీ దానికీ ఏ లంకె లేదు. కానీ ఆలోచిస్తూ కూర్చుంటే అవతల అన్న పంట పోతుంది. ట్రయల్ కోసం నా దగ్గర నుంచి కూడా మోటారు వేసే వీలుంది. నేనే వేస్తానని చెప్పి ఆ పేజీ తెరిచాను.

"ఆగు పాపా. నా వేలికి తడి గుడ్డ తగలతా ఉంది."

జ్వరంలో ఏదో అంటున్నాడనుకున్నాను. ఫోన్ గాజు మీద గుడ్డేమిటి?

"ఆన్ చెయ్యబాక!" అని అరిచాడు. అన్న నా మీద అరవడం అదే మొదటిసారి.

గుంటల దగ్గర ఒక పద్ధతి ఉంది. ఏరేటర్ బాగుచేయడానికి నీళ్లలోకి దిగే మనిషి ముందు గట్టు మీద స్విచ్చులుండే స్టార్టర్ డబ్బాలో మోటారు ఆపి, తన తువ్వాలు ఆ డబ్బాకి కట్టి దిగుతాడు. గుడ్డ కట్టి ఉందంటే నీళ్లలో మనిషి ఉన్నట్టు. అన్న డబ్బా మొత్తం చేత్తో తడిమి చూసుకుని గాని మోటారు వేయడు. ఫోన్‌లోంచి వేస్తే ఆ గుడ్డ ఎవరి చేతికి తగులుతుంది? మా యాప్ చేసినవాళ్లెవరికీ ఆ ఆలోచనే రాలేదు.

గుంటల పని చూసే రమణయ్యకి ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. వదిన స్కూటీ వేసుకుని గుంటల దగ్గరికి బయల్దేరింది. నేను మౌస్ మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. వేస్తే ఏమవుతుందో అని భయం, వేయకపోతే రొయ్యలన్నీ తేలిపోతాయేమోనని భయం. అంతగా నేనెప్పుడూ భయపడలేదు.

చివరికి వదిన ఫోన్ చేసింది. గట్టు మీంచి చూసింది చూసినట్టు చెప్పింది. రమణయ్య రొమ్ములోతు నీళ్లలో నిలబడి, ఏరేటర్ రెక్కలకు చుట్టుకున్న తాడు విప్పుతున్నాడు. రెండు చేతులూ రెక్కల మధ్యనే ఉన్నాయి. ఫోన్ షెడ్డులో వదిలేశాడు. తువ్వాలు డబ్బాకి కట్టే ఉంది. అన్నకి జ్వరమని అతనికి తెలియదు. ఎప్పటిలా అన్నే వచ్చి తడిమి చూస్తాడన్న ధైర్యంతో దిగాడు.

అతను గట్టెక్కాక వదిన చేత్తోనే మోటారు వేసింది. కొన్ని రొయ్యలు పోయాయి, చాలావరకు బతికాయి. నేను మాత్రం వెక్కి వెక్కి ఏడ్చాను. తర్వాత టెస్టు నడిపితే పాసైంది. అన్న ఫోన్ 'ఆన్' అని శుభ్రంగా చదివింది.

ఎన్నో రోజులు వెతికాను. నా టెస్టుకి ఏదో ఒక కారణం చెప్పి సర్దుకోవచ్చు, అన్న వేలికి జ్వరం అని చెప్పొచ్చు. రెండూ ఒకే పొద్దున, ఒకే గుంట దగ్గర ఎందుకు కలిశాయో మాత్రం నాకు అంతుపట్టలేదు. వదిన ప్రభువే అడ్డుపడ్డాడంటుంది. ఆ మాటెత్తితే అన్న లేచి వెళ్లిపోతాడు.

మొన్న గుంటల దగ్గరికి వెళితే రమణయ్య పక్కకి పిలిచాడు.

"ఆ పొద్దు మోటారు పడకుండా ఆపింది నువ్వే గదమ్మా?"

నేను కాదని మాత్రం చెప్పగలిగాను. మరెవరని అడుగుతాడేమోనని చాలాసేపు అతని మొహం వైపు చూడలేకపోయాను.