దిగులే అనుకున్నాం

నా చిన్నప్పుడు, కొనకనమిట్ల దగ్గరి మా ఊళ్లో, మా నాయనమ్మకు తిండి తగ్గిపోయింది. తాతయ్య పోయి అప్పటికి ఏడాది కాలేదు. రెండు ముద్దలకే కడుపు నిండిందని చేయి కడిగేసుకునేది. జాకెట్లు వదులయ్యాయి. గొర్రెల దొడ్డి దాకా నడిచే ఓపిక కూడా పోయింది. వీటన్నిటికీ మా ఇంట్లో ఒకటే మాట ఉండేది: దిగులు. ఈ వయసులో మొగుడి మీద ఇంత ప్రేమేందని ఎదురింటి అవ్వ ఎగతాళి చేస్తే, నాయనమ్మ కూడా నవ్వింది.

ఒకరోజు పొద్దున నల్లగా వాంతి చేసుకుంది. మార్కాపురం తీసుకెళ్లారు, అక్కడి నుంచి గుంటూరు. నోట్లోంచి గొట్టం వేసి చూసి, కడుపులో క్యాన్సర్ అన్నారు. దిగులు వల్లే వచ్చిందా అని నాయన అడిగితే, అట్లా చెప్పలేమని, ఆకలి చచ్చిపోవడానికి మాత్రం ఆ గడ్డే కారణమై ఉంటుందని డాక్టరు అన్నాడట. కడుపులో కొంత భాగం తీసేశారు.

ఇంటికొచ్చాక నాకు అసలు భయం మొదలైంది. కుట్లు మానాయి, జావ తాగొచ్చన్నారు. ఆమె మాత్రం గోడవైపు తిరిగి పడుకునేది. ఇప్పుడు ఇంట్లో అన్నిటికీ ఇంకో మాట వచ్చింది. తాగకపోతే జబ్బు, పలకకపోతే జబ్బు. ఆ జబ్బు పేరు ఆమె ముందు ఎవరూ ఎత్తేవాళ్లు కాదు, అల్సర్ అని చెప్పారు. నేను బడి నుంచి వస్తూ వీధి మలుపులో ఆగి, మా ఇంటివైపు ఏడుపులు వినిపిస్తున్నాయేమోనని చెవులు రిక్కించేవాణ్ణి.

గిద్దలూరు నుంచి మా మేనత్త వచ్చింది. మొదటిరోజు ఆమె కూడా అందరిలాగే బతిమాలింది. రెండోరోజు జావ గ్లాసు పక్కన పెట్టి, మంచం దగ్గర నేల మీద కూర్చుంది.

“కడుపు సంగతి డాక్టరు చూస్తన్నాడులే అమ్మా. నీ మనసు సంగతి నాకు చెప్పు. నీకు బతకాలని ఉందా, లేదా?”

“ఏందక్కా ఆ మాటలు” అంటూ నాయన లేచాడు. అత్త చేత్తోనే కూర్చోమంది. ఆ మాట అడిగినందుకే నాయనమ్మ చచ్చిపోతుందేమోనని నేను తలుపు చాటుకు జరిగాను.

నాయనమ్మ ఇటు తిరిగింది. “లేదమ్మా. మీ నాయన పోయినప్పటి నుంచే లేదు. ఇది అల్సర్ కాదని కూడా నాకు తెలుసు. ఎవురూ అడగలా, నేను చెప్పలా.”

తర్వాత ఏడ్చింది. ఏడవొద్దని అత్త అనలేదు. గుంటూరు వెళ్లినప్పుడు ఈ సంగతి కూడా ఆమె ఎదుటే డాక్టరుకు చెప్పారు. దానికి మనసు జబ్బులు చూసే వేరే డాక్టరు, వేరే మాత్రలు. ఇంట్లో అబద్ధాలు ఆగిపోయాయి. వెంటనే ఏమీ మారలేదు. కొన్ని వారాల తర్వాత ఒక పొద్దున, జావలో ఉప్పేదని నాయనను తిట్టింది. నాయన పెరట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాడు. గడ్డ తిరగబెట్టేదాకా, కొన్నేళ్లపాటు, ఆమె మాతో కూర్చుని తిన్నది.

నేను ఇంజనీరింగ్ చదివాను. ఒక యంత్రంలో రెండు లోపాలు ఒకేసారి ఉండొచ్చని, ఒకటి దొరికింది కదా అని రెండోది వెతకడం మానకూడదని అక్కడ చెప్పారు. నాకు అది ముందే తెలుసు. ఇప్పుడు నాయన ఫోన్లో ఆకలి లేదంటే రెండు ప్రశ్నలూ అడుగుతాను. కడుపు ఎట్లా ఉందంటే వెంటనే చెబుతాడు. మనసు ఎట్లా ఉందంటే కాసేపు ఏమీ వినిపించదు. ఆ కాసేపు నాకు ఇప్పటికీ భయమే. అయినా మాట మార్చను.