బల్లగుడ్డ ఉతికిన శనివారాలు

మా ఆయన పేరు హార్బరు పర్మినెంటు కూలీల లిస్టులో పడాలని, ఏడాది పాటు చర్చిలో ప్రభువు బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఉతికాను. అమ్మానాన్నలు సింహాచలం కొండకి మొక్కుకున్నట్టే నేను యేసుప్రభువుకి మొక్కుకున్నాను. బాప్తిస్మం తీసుకున్నా దేవుడితో మాట్లాడే పద్ధతి నాకు అదొక్కటే వచ్చు.

డెబ్బైల చివర్లో మేం హార్బరుకి దగ్గరగా ఒంటిగది ఇంట్లో ఉండేవాళ్లం. ఆయన ఒక కంట్రాక్టరు కింద ఓడల సరుకు మోసే కళాసీ, రోజుకూలీ. చర్చికి వచ్చేవాడు కాదు, నన్ను వెళ్లొద్దనేవాడూ కాదు.

శనివారం శనివారం ఆ గుడ్డ ఉతకడమంటే మాటలు కాదు. సోడాలో నానబెట్టి, బండకేసి బాది, నీలిమందూ గంజీ పెట్టి ఆరేసేదాన్ని. హార్బరు వైపు నుంచి గాలి తిరిగిందంటే చాలు, ఇనుప ఖనిజం ధూళి వచ్చి పడి మధ్యాహ్నానికి ఇటుక రంగుకి తిరిగేది. మళ్లీ బకెట్టు పట్టుకుని కుళాయి దగ్గర లైను. వేళ్ల సందులు పగిలి మంట పుట్టేవి. ఆ చిరాకు దిగడానికి గట్టిగా కీర్తనలు పాడుకునేదాన్ని. భక్తితో కాదు, ఒట్టి కోపంతో.

ఆదివారం పాస్టరుగారి భార్య గుడ్డ అందుకుని, మడతలు సరిచూసి, "నీకు మంచి దీవెనుందమ్మా" అనేవారు. ఎప్పుడండీ అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చేది.

దానికి తోడు మా ఆయన. శనివారం వస్తే పని లేదంటూ ఇంట్లోనే ఉండిపోయేవాడు. గుమ్మంలో కూర్చుని బీడీ కాల్చుకుంటూ నన్నే చూసేవాడు తప్ప ఒక్క బకెట్టు నీళ్లు తెచ్చి పెట్టేవాడు కాదు.

ఏడాది తిరిగింది. లిస్టు వచ్చింది. ఆయనతో పాటు చేరినవాళ్ల పేర్లన్నీ ఉన్నాయి, ఆయనది లేదు. ఆ శనివారం మాసిన గుడ్డని అలాగే సంచిలో కుక్కి, తిరిగి ఇచ్చేద్దామని బయల్దేరాను.

"ఏటే, ఇయ్యాల ఉతకవేటి?" అన్నాడు గుమ్మంలోంచి.

"ఉతకను. ఇచ్చీసి వత్తాను. ఏడాదిబట్టి నీ ఉద్యోగం కోసమే ఉతికినాను మావా. నీ పేరొచ్చిందేటి?"

ఆయన తల దించుకున్నాడు. "నాగాలెట్టినోల్లని తీసీసినారే. నావన్నీ శనివారాలే."

"పని లేదన్నావు గదా?"

"పనుంది. నానే ఎల్లలేదు. నువ్వు పాడతావు గదా, ఇంటా కూకుండిపోయేవోన్ని. ఆదారం నీతో రాడానికి సిగ్గు. ఇక్కడైతే నన్నెవులూ సూడరు."

చేతిలో సంచి ఆయన మొహాన కొట్టాను. బుద్ధుందా, బుర్రుందా అని నోటికొచ్చినట్టు తిట్టాను, ఏడ్చాను. ఆయన కంటే దేవుడి మీదే ఎక్కువ కోపం. ఏడాదంతా నేను ఒకటి అడుగుతుంటే ఆ దేవుడు ఇంకోటి ఇస్తూ కూర్చున్నాడు, అదీ నేను అడిగినదాన్ని పోగొట్టి మరీ. ఆ కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మా ఆయన సంచిలోంచి గుడ్డ తీసి బకెట్లో ముంచాడు. మురికి వదలకుండానే నీలిమందు కలిపేశాడు. చూడలేక లాక్కుని నేనే మొదలుపెట్టాను. ఏమీ అడక్కుండా ఆ గుడ్డ ఉతకడం అదే మొదటిసారి.

"పాడవే" అన్నాడు ఎదురుగా గొంతుక్కూర్చుని.

పల్లవి ఎత్తుకున్నాను గానీ రెండో మాట దగ్గరే ఆపేసి గుడ్డని బండకేసి బాదాను. ఆయనే అందుకున్నాడు. రాగం ఎక్కడికో పోయింది. చర్చి గడప తొక్కని ఆ మనిషికి నాలుగు చరణాల్లో ఒక్క మాట తప్పు పోలేదు.