తొమ్మిదో వరుసలో అత్త పేరు

నా చిన్నప్పుడు మా వీధిలో ముత్యాల్లాంటి చేతిరాత నాదేనని అందరూ ఒప్పుకునేవారు. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువే ఉండేది లెండి. తమిళనాడులోని మా రాజపాళయంలో, ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా మా చదువూ రాతా అంతా తమిళం. మా ఇంటి నుంచి ఏ కాగితం వెళ్లాలన్నా తాతయ్య చెప్పాలి, నేను రాయాలి. మా అత్త, ఆడపిల్లల బడిలో కుట్టు టీచరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడూ అంతే జరిగింది.

భర్త పోయి, మూడేళ్ల కూతురితో అత్త పుట్టింటికి వచ్చి అప్పటికి ఏడాది. ఆమెను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అయినా పిల్లకు రిబ్బను కావాలన్నా మా నాన్నను అడగాల్సి వస్తే ఆమె ముఖం చిన్నబోయేది. ఈ ఉద్యోగం వస్తే తన బిడ్డను తానే పెంచుకోవచ్చని ఆమె ఆశ.

తాతయ్య ఉత్సాహంగా చెప్పుకుపోయారు. మా ముత్తాత ఆ బడికి స్థలం ఇచ్చిన సంగతి, సత్రపట్టి దారిలో చలివేంద్రం పెట్టించిన సంగతి, అన్నీ కలిపి రెండు పేజీలు నిండాయి. మన ఇంటి పేరు చూస్తే చాలు, పిలిచి ఇస్తారని ఆయన ధీమా.

పక్కింటి పెద్దనాన్న మిల్లు ఆఫీసులో గుమాస్తా. రోజూ వచ్చే దరఖాస్తులు విప్పి చూడటమే ఆయన పని. ఒకసారి చూడమని ఇస్తే, ఆ కాగితాలు నా చేతికే తిరిగిచ్చారు.

"నేను ఆ బడి పెద్ద టీచర్ని అనుకో పాపా. మదురై నించి వచ్చినాను. మీ ఇంటోళ్లు ఎవురో నాకు తెలీదు. ఈమెకి ఏం పని వచ్చు? చదివి చెప్పు."

నేను వెతికాను. తొమ్మిదో వరుసలో అత్త పేరు దొరికింది, అదీ ఫలానావారి మనవరాలు అని. కుట్టుపని మాటే ఎక్కడా లేదు. అయ్యో, నా చేత్తో నేనే రాశానే!

తాతయ్యకు కోపం వచ్చింది. మన ఇంటి ఆడపిల్ల నాకిది వచ్చు, అది వచ్చు అని చెప్పుకోవడమా అన్నారు.

"ఆ పెద్దోళ్లు వచ్చి కుట్టు నేర్పించరు గదా, చిన్నాన్నా?" అన్నారు పెద్దనాన్న మెల్లగా.

తలుపు దగ్గర నుంచి అత్త గొంతు వినిపించింది. "పావడాలు, జాకెట్లు కుట్టేది వచ్చన్నా. మన వీధిలో ఆరు మందికి నేర్పించినాను. పెళ్లికి ముందే కుట్టు పరీక్ష పాసైనాను." ట్రంకుపెట్టెలోంచి సర్టిఫికెట్ కూడా తెచ్చింది. తాతయ్య దాన్ని చాలాసేపు చూశారు. దీని నకలు దరఖాస్తుకు జతచేయమని చెప్పింది ఆయనే.

ఈసారి దరఖాస్తు అరపేజీ. ఏ ఉద్యోగం కావాలి, ఏం వచ్చు, ఎవరికి నేర్పింది, ఎప్పుడు చేరగలదు, అంతే. పైకి చదివి వినిపిస్తే అత్త కళ్ల నిండా నీళ్లు. 'నాకు కుట్టుపని వచ్చు' అన్న వాక్యాన్ని మళ్లీ చదవమంది.

ఉద్యోగం వచ్చింది. అత్త తన కూతురిని తన సంపాదనతోనే చదివించింది.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. మనవరాళ్లు ఫోనులో దరఖాస్తులు టైపు చేసి, బాగుందా అవ్వా అని అడుగుతారు. భాషా, తప్పులూ తర్వాత చూస్తాను. ముందు ఒక్కటే అడుగుతాను: "ఇందులో నువ్వెక్కడున్నావే?"