మామ్మ మడి చీర, కాశీ బస్సు

మా చిన్నప్పుడు... పాలకొల్లు నుంచి కాశీకి బస్సు వేసేవారు. వెనక సీట్లు నాలుగు పీకేసి, అక్కడ బియ్యం బస్తాలు, గ్యాసు పొయ్యి, గంగాళాలు, నీళ్ల డ్రమ్ము, ఆవకాయ జాడీలు... ఇల్లే చక్రాల మీద పెట్టినట్టుండేది. ఎక్కడ ఆగితే అక్కడే వంట, అక్కడే భోజనం.

ఈమధ్య ఫోనులో ఎవరో తెల్లవాళ్లు మంచులో ఇల్లులాంటి బండి వేసుకుని తిరుగుతున్న వీడియో చూశాను. లోపల హీటరు, మెత్తటి పరుపు, కాఫీ మిషను. మాకూ ఉండేదండి అలాంటి బండి... హీటరు ఒక్కటే లేదు. కిటికీ అద్దాలు సగం బిగిసేవి, సగం బిగిసేవి కావు.

నేను ఐదో తరగతి. డిసెంబరు సెలవులు. మామ్మ, అంటే మా నాన్న గారి అమ్మ, నన్నూ పెద్దత్తయ్యనూ తోడు తీసుకుని బయల్దేరింది. తాతగారు ఉన్నప్పుడు ఏటా "వచ్చే ఏడు కాశీ" అనేవారట. ఆ వచ్చే ఏడు రాకుండానే ఆయన వెళ్లిపోయారు. అందుకే మామ్మకి ఒకటే కోరిక... గంగలో మూడు మునకలు వేయాలి. పాలకొల్లు దాటకముందే నాకు పదిసార్లు చెప్పింది.

చలి అంటే మాకేం తెలుసు? ధనుర్మాసంలో తెల్లారగట్ల చెవులకి మఫ్లరు చుట్టుకునేవాళ్లం, అదే మా చలి. "అక్కడ బాగా చలిట అమ్మా, ధావళి పెట్టుకోవే" అని అత్తయ్య బతిమాలింది. ధావళి అంటే ఉన్ని కలిసిన చీర, రోజూ తడపకపోయినా మడికి పనికొస్తుంది. "ఆ బరువెవడు మోస్తాడే, మనకి తెలీని చలా!" అంది మామ్మ. రెండు నూలు చీరలు మడికి పెట్టుకుంది.

గయ దాటాక తెలిసింది అసలు చలి. ఒక ఉదయం పొగమంచుకి రోడ్డు కనపడక, ఒక పెట్రోలు బంకులో బస్సు ఆపేశారు. మాట్లాడితే నోట్లోంచి పొగ. నేను రెండు గౌన్లు, పైన అత్తయ్య శాలువా... అయినా పళ్లు టకటకలాడుతున్నాయి.

మామ్మ మడి కట్టుకుని జపం చేసుకుంటే గానీ మంచినీళ్లు కూడా ముట్టదు. మా వంటాయన సూరన్న గారు పాపం, పొయ్యి మీద ఒక బిందెడు నీళ్లు కాచి ఇచ్చారు. ఆవిడ స్నానానికి దిగింది. ఆరిన మడి చీర ఒక్కటే బస్సు వెనక తాడు మీద ఉంది, రెండోది మంచుకి ఇంకా ఆరలేదు. ఎవరూ తాకకుండా విడిగా కట్టిన తాడు.

నేనేం చేశానంటే... ఆ చీర లాగి, నిలువెల్లా చుట్టుకున్నాను. అంతే. రెండు నిమిషాలు. ఆవిడ అడుగుల చప్పుడు వినపడగానే మళ్లీ తాడు మీద వేసేశాను. ఎవరూ చూడలేదు.

మామ్మ వణుకుతూ వచ్చి చీర తీసి, కుచ్చిళ్లు పెట్టుకుంటోంది. అప్పుడు నా నోరు ఊరుకోలేదు. మడి విషయంలో అబద్ధం ఆడితే మహాపాపమని మా ఇంట్లో ఉగ్గుపాలతో పోశారు మరి!

"మామ్మా... అది నేను ముట్టుకున్నాను."

ఆవిడ చేతిలో కుచ్చిళ్లు అలాగే ఆగిపోయాయి. తిట్టలేదు. "సరేలేమ్మా" అని దిగింది. వేడినీళ్లు అయిపోయాయి. అవతల మంచు విడిపోయిందని డ్రైవరు హారను కొడుతున్నాడు. పంపు కింద చన్నీళ్లే పోసుకుని, ఆ చీర తడిపి, పిండి, ఆ తడి చీరతోనే వచ్చి కూర్చుంది. కిటికీలోంచి గాలి కోసేస్తోంది. అత్తయ్య దుప్పటి కప్పబోతే, "జపం అయ్యేదాకా ముట్టుకోకే" అంది.

అత్తయ్య నన్ను పక్కకి లాగి, "ఎవరు చూశారే? నోరు మూసుకోలేకపోయావా?" అంది పళ్లు బిగించి.

మామ్మకి వినపడింది. "దాన్నేం అనకే. ముట్టుకున్నది ముట్టుకున్నానంది. అదేం తప్పు?"

సాయంత్రం కాశీలో దిగేసరికి మామ్మకి ఒళ్లు కాలిపోతోంది. డాక్టరు చూసి, నీళ్లలో కాలు కూడా పెట్టొద్దన్నాడు. మూడు రోజులు అక్కడున్నాం. బస్సులో వాళ్లందరూ మునకలు వేసి, తడి బట్టలతో సత్రానికి వచ్చి, ఆవిడ గుమ్మం ముందునుంచే వెళ్లేవారు. వెళ్లేటప్పుడు కాస్త తల వంచుకుని వెళ్లేవారు... అది నాకు బాగా గుర్తు.

బయల్దేరే రోజు అత్తయ్య చెంబుతో గంగ తెచ్చింది. సూరన్న గారు దాన్ని గోరువెచ్చగా కాచి ఇచ్చారు. తల మీద చల్లుతుంటే మామ్మ నవ్వింది. "గంగమ్మని కూడా పొయ్యెక్కించారుటయ్యా!" అంది. అందరం నవ్వాం. తర్వాత ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. చాలాసేపు ఇటు తిరగలేదు.

ఆ తర్వాత ఆరేళ్లు బతికింది. ఏటా ఆ బస్సు వాళ్లు పేర్లు రాసుకోవడానికి వచ్చేవారు. "ఇంక ఓపిక లేదయ్యా" అనేది. నన్ను ఒక్కరోజు కూడా ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది... ఈపాటికి మర్చిపోయేదాన్నేమో.

ఇప్పుడు మా ఇంట్లో మడీ లేదు, విడిగా కట్టే తాడూ లేదు. ట్యాపు తిప్పితే వేడినీళ్లు. పొద్దున్న విమానం ఎక్కితే సాయంత్రానికి కాశీ. కిందటేడు నేనూ వెళ్లాను. ఆవిడ పేరు చెప్పుకుని మూడు మునకలు వేశాను. గట్టెక్కి తల తుడుచుకుంటూ ఏడ్చాను. ఎన్ని వేసినా నేనే కదా తడిసేది...

నా కూతురికి అబద్ధం ఆడకూడదనే చెబుతాను. చెబుతున్నప్పుడల్లా గొంతు కొంచెం తగ్గుతుంది. చెప్పకూడని చోట నిజం చెప్పేసి, ఇన్నేళ్లయినా కుములుతున్న వాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా? ఉంటే కింద రాయండి... నేనొక్కదాన్నే కాదని తెలిస్తే కాస్త తేలికపడతాను.