ఆవకాయ జాడీలో అమ్మ పుస్తెలు

రంగూన్‌లో అల్లర్లు జరిగిన ఏడాది నేను అక్కడే కాలేజీలో చరిత్ర చదువుతున్నాను. అమ్మా నేనూ ఆవకాయ జాడీతో అక్కగారింటికి బయల్దేరితే, విద్యార్థులు కొందరు ఇంజనెక్కి రైలాపేశారు. ఎవరూ దిగకూడదన్నారు. చదివిన చదువు నన్ను ఊరుకోనిస్తుందా?

"పూర్వం చైనాలో బందిపోట్లు ఇలాగే రైలాపి, నగలన్నీ దోచుకుని, జనాన్ని కొండల్లో వారాల తరబడి బందీలుగా ఉంచారమ్మా" అన్నాను.

"ఇప్పుడేటే ఆ కబుర్లు?" అంటూనే అమ్మ, పెళ్లయ్యాక ఏనాడూ మెడలోంచి తియ్యని పుస్తెలతాడు తీసి జాడీలో కుక్కేసింది.

ఇంతలో ఒక విద్యార్థి వచ్చి, "అన్నం పొట్లాలున్నాయి, కూర లేదు. ఏమైనా దానం చేస్తారా అమ్మా?" అని బర్మా భాషలో వినయంగా అడిగాడు.

"మమ్మల్ని బంధించి, పైగా కూర కూడానా?" అని నేను వాదనకు దిగాను. ఆ సందులో ఎదురు సీటు ముసలాయన, పుణ్యం తనకే దక్కాలన్నట్టు, మా జాడీ ఎత్తి వాడి చేతిలో పెట్టేశాడు.

"ఓలమ్మో, నా పుస్తెలే" అని అమ్మ గొల్లుమంది.

నేను రైల్లోంచి దూకి పరుగెత్తాను. దిగకూడదన్నవాడే భయపడి పక్కకు తప్పుకున్నాడు. అప్పటికే ఒకడు అన్నంలోంచి ఎర్రటి తాడు పైకి లాగి, "అక్కా, మీ పచ్చట్లో ఇది కూడా వేస్తారా?" అన్నాడు. రెండు చేతులతో మర్యాదగా ఇచ్చాడు. జాడీ మాత్రం ఇవ్వలేదు.

అమ్మ దాన్ని కడగనైనా కడగకుండా మెళ్లో వేసుకుంది. చైనా సంగతి నిజమేనని నేను ఇప్పటికీ వాదిస్తాను. "నిజమేనే, మెడ మండింది నాకు కదా" అంటుంది అమ్మ.