ఉన్న లెక్క, వచ్చిన లెక్క

ఒక మనిషికి జబ్బు ఎప్పుడు వచ్చినట్టు? లోపల మొదలైన రోజునా, డాక్టరు దానికి పేరు పెట్టిన రోజునా, ఇక దాచలేక నలుగురిలో ఒప్పుకున్న రోజునా? ఎంత చదివినా, ఎందర్ని చూసినా ఈ ప్రశ్నకి ఇప్పటికీ జవాబు చిక్కలేదు. లెక్కలమ్మకి మాత్రం అది సొంత వంటింట్లోనే ఎదురుపడింది, అదీ ఓ ఆస్పత్రి మూతపడబోతున్న సమయంలో.

లెక్కలమ్మ అన్నది బ్రెడ్డు ఫ్యాక్టరీ వాళ్లు పెట్టిన పేరు. ఆవిడ ఆరోగ్య శాఖలో జబ్బుల లెక్కలు కట్టే ఉద్యోగి. ముక్కు చివరికి జారే కళ్లజోడు, భుజాన ఓ గుడ్డసంచీ, ఎదురుగా ఎవరు తుమ్మినా "ఎన్నాళ్లనుంచి?" అని అడిగే అలవాటు. పెళ్లివారింట్లో కూడా అడిగేది. ఆవిడ మరిది సిటీబస్సు కండక్టరు. రోజంతా "ముందుకి జరగండి, జరగండి" అని అరిచి అరిచి ఇంట్లో కూడా మెల్లగా మాట్లాడటం మరిచిపోయినవాడు. అతని అన్నగారూ ఆ ఇంట్లోనే ఉండేవాడు గానీ ఎప్పుడూ న్యూస్‌పేపరు వెనకాలే కాబట్టి ఉన్నట్టు పెద్దగా తెలిసేది కాదు.

మరిది భార్య బ్రెడ్డు ఫ్యాక్టరీలో పిండి జల్లించే గదిలో పనిచేసేది. ఆ గదిలో వెలుతురు కూడా తెల్లగా పిండి పూసుకుని ఉండేది. అక్కడ కొన్నేళ్లు చేసినవాళ్లలో కొందరికి ఆయాసం, గొంతులో పిల్లికూతలు. ఫ్యాక్టరీ గేటు పక్కన ఆరోగ్య శాఖ నాలుగేళ్ల కిందట ఓ చిన్న ఆస్పత్రి తెరిచింది. రెండు గదులు, ఒక డాక్టరమ్మ. ఆ డాక్టరమ్మ ఫ్యాక్టరీవాళ్లతో పోట్లాడి జల్లెడ గదిలో పొడి లాగేసే ఫ్యాన్లు పెట్టించింది. ఆయాసం ఉన్నవాళ్లని పనిలోంచి తీసేయకుండా ప్యాకింగుకి మార్పించింది. మరిది భార్య కూడా ఈ ఏడు మొదట్లో అక్కడ పేరు రాయించుకుని, మందు పీల్చుకుంటూ ప్యాకింగులోకి మారింది. అప్పట్నుంచి దిండు నిలబెట్టి కూర్చోకుండా, హాయిగా పడుకుని నిద్రపోతోంది. అది చూసుకుని మరిది కూడా నిద్రపోతున్నాడు.

అలాంటి రోజుల్లో ఓ సాయంత్రం అతను డ్యూటీ దిగి, చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చిపడ్డాడు.

"వదినా! ఆస్పత్రి ఎత్తేస్తున్నారట. నీ లెక్క చూసేనట!"

వదిన కూరగాయలు తరుగుతోంది. కత్తి ఆగింది.

"నా లెక్కా?"

"మీ పెద్దాఫీసరు అన్నాడట. నాలుగేళ్ల కిందట వెయ్యిమందిలో యాభైమందికి ఆయాసం. ఇప్పుడు నూటపదిమందికి. ఆస్పత్రి పెట్టాక జబ్బు రెట్టింపైతే ఇంకెందుకా ఆస్పత్రి, మూసేయండి అన్నాడట. మా ఆవిణ్ణి మళ్లీ జల్లెడ గదిలోకి తోస్తారు. ఇదేనా నువ్వు ఇంటికి చేసిన ఉపకారం?"

"అరవకు. మీ అన్నయ్య పేపరు ఎగిరిపోతుంది."

"నిజమా కాదా చెప్పు."

"నూటపది నిజమే. కానీ అది ఉన్న లెక్క. మీ బస్సులో ఈ క్షణాన ఎంతమంది ఉన్నారు అన్నట్టు. బస్సు నిండా జనం ఉన్నారంటే ఈ స్టాపులోనే అందరూ ఎక్కేశారని అర్థమా?"

"ఎందుకవుతుంది? ఎవడూ దిగకపోయినా నిండుతుంది."

"అదే! ఇదివరకు ఆయాసం వచ్చినవాళ్లు పని మానేసి పోయేవాళ్లు. దిగిపోయారు. ఇప్పుడు మందు పీల్చుకుని పనిలోనే ఉంటున్నారు. ఎవరూ దిగట్లేదు. బస్సు నిండింది. ఆస్పత్రి మంచిదైతేనే ఉన్న లెక్క పెరుగుతుందయ్యా."

మరిది మొహం కాస్త విప్పారింది. "మరి ఎంతమంది కొత్తగా ఎక్కారో అది చెప్పు వాళ్లకి!"

"అది వచ్చిన లెక్క. ఏడాదిలో కొత్తగా ఎంతమందికి వచ్చిందని. ఆఫీసులో దానికీ, దీనికీ ఇంగ్లీషు పేర్లున్నాయిలే." వదిన గొంతు తగ్గింది. "అదీ కట్టాను. ఈ ఏడు నలభైమంది కొత్తగా పేరు రాయించుకున్నారు. వెయ్యిలో నలభై. అది కూడా ఎక్కువే."

మరిది స్టూలు మీద కూలబడ్డాడు. అప్పటిదాకా గుమ్మంలో నిలబడి వింటున్న అతని భార్య లోపలికి వచ్చింది.

"అక్కా, ఆ నలభైలో నేనూ ఉన్నానా?"

"ఉన్నావుగా. ఈ ఏడే కదా రాయించుకున్నావు."

"నేను కొత్తదాన్నేంటక్కా? నాకిది పెళ్లికి ముందునుంచీ ఉంది."

మరిది గొంతు జీవితంలో మొదటిసారి మెల్లగా వచ్చింది.

"పెళ్లికి ముందునుంచా? నిరుటిదాకా నాకెప్పుడూ వినపడలేదే?"

"వినపడితేగా! జల్లెడ గదిలో ఎవరికి దగ్గొచ్చినా పక్కనున్నవాళ్లు జల్లెడని దడదడా కొడతారు, సూపర్‌వైజరుకి వినపడకుండా. తెలిస్తే పనిలోంచి తీసేసేవాళ్లు కదా. ఇంట్లో జల్లెడ లేదు, గిన్నెలు కొట్టేదాన్ని."

"అంటే... నువ్వు గిన్నెలు విసిరేది నా మీద కోపంతో కాదా?"

"సగం నీ మీదేలే."

"ఇన్నేళ్లు నేను ఎందుకో తెలియకుండా క్షమాపణలు చెప్పుకుంటూ తిరిగాను!"

"చెప్పావు, పోయిందేముంది? ఏదో ఒకదానికి పనికొచ్చాయి."

పక్కగదిలో పేపరు వెనకనుంచి ఓ నవ్వు వినిపించింది. వదిన మాత్రం నవ్వలేదు. స్టవ్వు కట్టేసి, కళ్లజోడు పైకి తోసుకుని తోడికోడలి మొహంలోకి చూసింది.

"మీ గదిలో నీలాంటివాళ్లు ఇంకా ఉన్నారా?"

"అందరూ నాలాంటివాళ్లే అక్కా. తీసేయరని నమ్మకం కుదిరాక ఒక్కొక్కళ్లూ బయటపడ్డారు."

"చూశావా నేను చేసిన పని," అంది వదిన మరిదితో. "ఎప్పుడో ఎక్కి కూర్చున్నవాళ్లని, టిక్కెట్టు ఇవాళ అడిగాను కదాని ఇవాళే ఎక్కినట్టు రాసేశాను. పేరు రాయించుకున్న రోజుని జబ్బొచ్చిన రోజనుకున్నాను. ఎన్నాళ్లనుంచి అని ఊరందర్నీ అడుగుతాను, అక్కడ మాత్రం అడగలేదు."

ఆ మర్నాటినుంచి ఆవిడ మధ్యాహ్నం తిండివేళల్లో ప్యాకింగు గదిలో చేరింది. మొదట్లో ఎవరూ నిజం చెప్పలేదు. "నిన్నగాక మొన్నే వచ్చిందమ్మా" అని గోడలకేసి చూసేవాళ్లు. అప్పుడు తోడికోడలు వెంట వెళ్లి, "ఏమే, నీ దగ్గు కప్పడానికి కొట్టి కొట్టి నా అరచేతులు కాయలు కాశాయి, నిన్నగాక మొన్నా?" అని అందరిముందూ అడిగేసరికి గది గొల్లుమంది. ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. పిల్ల పుట్టినప్పట్నుంచని ఒకావిడ, పాత ఓవెన్ మార్చిన ఏడునుంచని ఇంకొకాయన.

పెద్దాఫీసరు ఆస్పత్రికే వచ్చి మాట్లాడతానన్న రోజున మరిది సెలవు పెట్టుకుని హాల్లో బల్ల మీద కూర్చున్నాడు. భార్య పక్కనే. డాక్టరమ్మ గది తలుపు ఓరగా ఉంది. మాటలన్నీ వినిపిస్తున్నాయి.

"ముందు ఇచ్చిన లెక్క తప్పండి. తప్పు నాదే," అంటోంది వదిన గొంతు. "నలభైమందిలో ముప్పై ఒక్కరికి ఏనాటినుంచో ఉంది. ఈ ఏడు నిజంగా కొత్తగా వచ్చింది తొమ్మిదిమందికి. వాళ్లని వెయ్యితో భాగించడం కూడా తప్పేనండి. ఏడాది మొదట్లోనే నూట ఒక్కరికి ఉంది, ఉన్నవాళ్లకి మళ్లీ కొత్తగా రాదు కదా. మిగిలిన ఎనిమిదివందల తొంభైతొమ్మిదిమందిలో తొమ్మిది. వెయ్యికి పది. ఫ్యాన్లు రాకముందు ఏడాదికి ఇరవైమంది దాకా పడేవాళ్లు."

"వాళ్లు నోటితో చెప్పిందే కదమ్మా. ఎలా నమ్మడం?" అన్నాడు పెద్దాఫీసరు. అడిగిన తీరులో వెటకారం లేదు.

"పూర్తిగా నమ్మలేమండి. తొమ్మిది పన్నెండు కావచ్చు. నలభై మాత్రం కాదు."

కాసేపు కాయితాలు తిరగేసిన చప్పుడు. బల్ల మీద మరిది భార్య చెయ్యి మరిది చేతిని పట్టుకుంది. వాళ్లిద్దరూ బయట అలా పట్టుకోవడం అదే మొదలు.

"సరే," అన్నాడాయన చివరికి. "ఉండనివ్వండి. మందు సరఫరా కూడా ఎప్పట్లాగే సాగుతుంది. ఈ రెండో లెక్క కూడా ఏటా పంపండి."

హాల్లో కలకలం రేగింది. టీలు వచ్చాయి. డాక్టరమ్మ ఆనందం పట్టలేక అందరికీ తనే గ్లాసులు అందించింది. "వెయ్యికి పదికి దిగిందంటే మాటలా!" అంటున్నాడు పెద్దాఫీసరు, తనే దించినట్టు.

మరిది రెండు గ్లాసులు పట్టుకుని వదిన కోసం లోపలికి వెళ్లాడు. కుర్చీ ఖాళీగా ఉంది. హాలంతా వెతికాడు. కిటికీలోంచి చూస్తే ఆవిడ ఫ్యాక్టరీ గేటు దాటుతోంది, భుజాన గుడ్డసంచీతో.

"వదినా! టీ!" అని తన బస్సు గొంతుతో అరిచాడు.

ఆవిడ వినిపించుకోలేదు. కాపలాదారుని ఏదో అడుగుతోంది. అతను చేత్తో ఎడమవైపు చూపించాడు.

"అందరూ ఇక్కడుంటే అటెక్కడికే?" అన్నాడు మరిది భార్యతో.

"జల్లెడ గదికి. ఆ తొమ్మిదిమందీ జబ్బు రాకముందు అక్కడ ఒకే మూల పనిచేసేవాళ్లట, పొద్దున అడిగింది నన్ను. ఫ్యాన్లున్నాక కూడా వాళ్లకెందుకు రావాలి అని గొణుక్కుంటోంది."

పెద్దాఫీసరుకి నమస్కారం లేదు, డాక్టరమ్మతో వెళ్లొస్తానన్న మాట లేదు. తెల్లటి పిండి పొడి తేలుతున్న తలుపులోకి వదిన వెళ్లిపోయింది.